వేపచెట్టు దిమ్మ మీది అన్నయ్యగారికి



ఈ ఉత్తరం మీ చేతికే ఇవ్వొచ్చు. కానీ మీ సలహాలేవీ మీరు చాటుగా ఇవ్వలేదు. పొద్దున ఆరుంపావు అయ్యేసరికి ఉస్మానియా క్యాంపస్‌లో ఆ వేపచెట్టు దిమ్మ మీద మీరు, మీ చుట్టూ పదిపన్నెండు మంది. గొంతేమో మలుపు దాటి వస్తుంది. మీరు నడవగా నేను చూసింది తక్కువ, నడిచేవాళ్లని ఆపగా చూసిందే ఎక్కువ. అందుకని నా జవాబు కూడా పదిమందిలోనే.

నేనెవరో పోల్చుకోలేకపోతే, ఎండాకాలంలో కూడా ఊదారంగు స్వెట్టరు వేసుకొచ్చే మనిషిని. ముప్పై రెండేళ్లు పోస్టాఫీసు కౌంటర్లో కూచున్నాను. ఎవరు కవరు తెచ్చినా త్రాసు మీద పెట్టి, బరువు చూసి, ఆ తర్వాతే ఎన్ని రూపాయల స్టాంపో చెప్పేదాన్ని. "ఏదో ఒకటి అంటించెయ్యండమ్మా" అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండేది. రిటైరయ్యాక కూడా ఆ జబ్బు వదల్లేదు. ఆర్నెల్లుగా మీ మాటలు వింటున్నాను. ఏది తినాలో చెబుతారు, ఏది ముట్టకూడదో చెబుతారు, ఏ వేళ తినాలో చెబుతారు, ఒకరోజు ఏ దిక్కుకి తిరిగి కూచోవాలో కూడా చెప్పారు. ఎంత తినాలి అన్నది మాత్రం మీ నోట ఒక్కనాడూ రాలేదు.

ముందు బెల్లం సంగతి తేలుద్దాం. మీది అనకాపల్లి దగ్గరని, దేశంలోనే పెద్ద బెల్లం మార్కెట్లలో అదొకటని మీరు చెప్పుకోవడం సబబే. ఆ బెల్లం రుచికి నేనూ దాసురాల్నే. కానీ "చక్కెర విషం, బెల్లం అమృతం, షుగరు ఉన్నవాళ్లు కూడా నిశ్చింతగా వాడొచ్చు, పైగా ఇనుము" అని మీరన్న రోజున మా ఆడపడుచు నా పక్కనే ఉంది. పదకొండేళ్లుగా షుగరు మనిషి. అంతవరకూ రోజుకి రెండు కాఫీలు, ఒక్కో కాఫీలో ఒక చెంచా చక్కెర, అంతే. మీ మాట విన్నాక కాఫీలు మూడయ్యాయి. తప్పేముంది, బెల్లమేగా. సాయంత్రం బెల్లం సున్నుండలు రెండు. ఇనుముకి.

మూడు నెలల తర్వాత రక్తపరీక్ష కాగితం చూస్తే, హెచ్‌బీఏవన్‌సీ 7.1 నుంచి 8.9కి ఎక్కి కూచుంది. డాక్టరమ్మ అడిగితే "చక్కెర మానేశాను కదండీ" అని అమాయకంగా చెప్పింది మా ఆడపడుచు. ఆ పూట ఇంటికొచ్చి ఆవిడ కాఫీలో వేసుకునే ముక్కనే వంటింటి త్రాసు మీద పెట్టాను. పది గ్రాములు. చెంచా చక్కెర ఐదు గ్రాములుంటుంది. మూడు కాఫీలకి ముప్పై, సున్నుండల్లో నలభై, మొత్తం డెబ్భై గ్రాముల బెల్లం. వంద గ్రాముల బెల్లంలో ఎనభై అయిదు గ్రాముల దాకా పిండిపదార్థమే ఉంటుంది, అందులో దాదాపు అంతా చక్కెరే. అంటే రోజుకి పది గ్రాముల చక్కెర తినే మనిషి, చక్కెర మానేసి అరవై గ్రాముల చక్కెర తింది.

ఇక ఇనుము. వంద గ్రాముల బెల్లంలో నాలుగైదు మిల్లీగ్రాములుంటుంది. మన దేశపు లెక్క ప్రకారం నెలసరి వయసు ఆడవాళ్లకి రోజుకి 29 మిల్లీగ్రాములు కావాలి. ఆ లెక్కన బెల్లంతోనే ఇనుము సంపాదించాలంటే రోజుకి అరకిలోకి పైగా తినాలి. అదీ కాఫీలో కలిపితే ఒంటికి పట్టేది ఇంకా తక్కువ. తోటకూర పప్పులో నిమ్మకాయ పిండుకుంటే ఆకులోని ఇనుము ఎక్కువగా ఒంటబడుతుంది. కానీ తోటకూర గురించి మీరు చెబితే వినడానికి ఎవరూ ఆగరు. అందులో విషమూ లేదు, అమృతమూ లేదు.

రాగి జావ అమ్మే కుర్రాడి మీద నాకేం కోపం లేదు. స్టీలు క్యాను, పక్కన ఉల్లిపాయ ముక్కలు, పచ్చిమిరప, మజ్జిగ. గ్లాసు తాగితే కడుపు చల్లగా ఉంటుంది. రాగుల్లో కాల్షియం వంద గ్రాములకి 364 మిల్లీగ్రాములు. బియ్యంలో అది పది కూడా ఉండదు. అంతవరకూ మీ ప్రచారం నిజం. కానీ మీరు "షుగరుకి మందు" అని చెప్పి ఒక్కొక్కరి చేత రెండేసి గ్లాసులు తాగిస్తున్నారు. రాగుల్లోనూ మూడింట రెండు వంతులు పిండిపదార్థమే. మెత్తగా పిండి పట్టించి, నీళ్లలో ఉడికించి, పల్చగా జారేలా చేస్తే అది గింజలా నెమ్మదిగా అరగదు, త్వరగా రక్తంలోకి దిగుతుంది. రెండు గ్లాసులు తాగి ఇంటికెళ్లి మళ్లీ నాలుగు ఇడ్లీలు తినే పెద్దమనుషులు మనలోనే ఉన్నారు. పేర్లు రాయను. ఒకాయన మా ఇంట్లోనే ఉన్నారు.

"మన తాతలు జొన్న సంకటి తిని ఉక్కు ముక్కల్లా ఉండేవాళ్లు." ఈ మాట మీరన్నప్పుడల్లా నాకు మన దిమ్మ దగ్గర్నుంచి నడిచిపోయేంత దూరంలో ఉన్న భవనం గుర్తొస్తుంది. తార్నాక వైపు జాతీయ పోషకాహార సంస్థ. మనం రోజూ దాని ఛాయల్లోనే నడుస్తాం, కానీ తిండి గురించి సందేహం వస్తే దిమ్మ దగ్గరికొస్తాం. ఆ సంస్థకి డైరెక్టరుగా చేసిన సి. గోపాలన్ పేరు మీరు వినే ఉంటారు. ఆయన కాలంలో హైదరాబాద్ ఆసుపత్రులకి చుట్టుపక్కల పల్లెల నుంచి ఒక రకం రోగులు వచ్చేవాళ్లు. ఎండ తగిలే చోటల్లా, అంటే మెడ చుట్టూ, ముంజేతుల మీద, పాదాల మీద చర్మం నల్లగా మాడి పొలుసులు లేచేది. విరేచనాలు. ముదిరితే మతి చలించేది. దాని పేరు పెల్లాగ్రా. నియాసిన్ అనే విటమిన్ చాలక వచ్చే రోగం. మొక్కజొన్న తప్ప మరేదీ దొరకని పేదలకి వస్తుందని ప్రపంచమంతా అనుకునే రోజుల్లో, దక్కనులో మొక్కజొన్న ముట్టనివాళ్లకి ఎందుకొచ్చిందని చూస్తే, వాళ్లు మూడు పూటలా తిన్నది జొన్న. జొన్నలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం పాలు ఎక్కువగా ఉండి ఈ రోగం తెస్తోందని గోపాలన్, శ్రీకంఠయ్య 1960లో లాన్సెట్ పత్రికలో వాదించారు.

జొన్న చెడ్డదని నేననడం లేదు, మొన్న రాత్రి మా ఇంట్లో జొన్నరొట్టే. దాంతోపాటు పప్పు, వంకాయ కూర, పెరుగు ఉన్నాయి. ఆ పల్లెజనానికి లేనివి అవే. రొట్టె, పచ్చిమిరప, ఇంకో రొట్టె. మీరు చెప్పే తాతల్లో భూమి ఉన్న తాతలు వేరు, వాళ్ల పొలంలో కూలికెళ్లిన తాతలు వేరు. మనకి గోడల మీద ఫోటోలుగా మిగిలినవాళ్లు ఏ రకమో మీకు నేను చెప్పాలా?

అసలు ఆ సంస్థ పుట్టిందే మన అన్నం గొడవతో. 1918లో కూనూరులో, పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒకే ఒక్క గదిలో, బెరిబెరి గురించి వాకబు చేయడానికి రాబర్ట్ మెకారిసన్ అనే ఆయన మొదలుపెట్టాడు. 1958లో హైదరాబాద్ వచ్చింది, ఇప్పటి పేరు 1969లో పెట్టారు. మీ వైపు సర్కారు జిల్లాల్లో బెరిబెరి తిష్ఠవేసుకుని ఉండేది. మిల్లులో తెల్లగా పాలిష్ పట్టిన పచ్చి బియ్యం తినేవాళ్లకి థయమిన్ చాలక కాళ్లు తిమ్మిరెక్కడం, ఒళ్లు నీరుపట్టడం, గుండె బలహీనపడటం. ఉప్పుడు బియ్యం తినే ప్రాంతాల్లో ఆ బాధ తక్కువ. వడ్లు ఉడికించినప్పుడు తవుడులోని థయమిన్ గింజలోకి దిగుతుంది, ఆ తర్వాత ఎంత తెల్లగా ఆడించినా అంతా పోదు. అంటే అవే వడ్లు, అదే మనిషి, మధ్యలో ఒక్క ఉడుకు తేడా. మంచి ధాన్యం, చెడ్డ ధాన్యం అని రెండు వరుసల్లో నిలబెట్టేస్తే ఇలాంటివి కనబడవు.

"రాత్రి అన్నం మానేసి చపాతీ తినండి" అని మీరు నాలుగు కుటుంబాలని మార్చారు కదా. మా ఎదురింటావిడ వాళ్లాయనకి నాలుగు చేస్తుంది. ఒక్కో ఉండ తూచాను (ఆవిడకి నా పిచ్చి అలవాటైపోయింది), ముప్పై గ్రాముల పిండి. నూట ఇరవై గ్రాములు. పైన ఒక్కోదానికి చెంచా నూనె. ఆయన అంతకుముందు తిన్న అన్నానికి పోసిన బియ్యం నూరు గ్రాములు. దుంపల కూర మారలేదు. ఆయన పొట్టా మారలేదు. మీ దగ్గరికొస్తే మీరు చపాతీ మాన్పించి కొర్రన్నం చెప్పారు. అదీ ఎంతో చెప్పలేదు.

చేపలు తిన్న రోజు పెరుగు తింటే బొల్లి వస్తుందన్న సలహా మీద కాగితం ఖర్చు పెట్టను. బెంగాలీలు చేపని పెరుగులోనే వండుతారు, తరతరాలుగా. మా పై ఫ్లాటువాళ్లు కోల్‌కతా మనుషులు, ఒకరోజు మిమ్మల్ని భోజనానికి పిలుస్తామంటున్నారు.

నూనె దగ్గర మాత్రం నన్ను నేనే ముందు బోనులో నిలబెట్టుకోవాలి. మీరు ఏ నూనె అన్నదాని మీద గంటసేపు మాట్లాడతారు. 2018 ప్రాంతంలో తెలుగునాట జనం అన్నం మానేసి కొబ్బరినూనె గ్లాసుల్లో పోసుకుని తాగినప్పుడు మీరూ తాగారని మీ మిత్రులు చెప్పారు. ఆ తర్వాత ఆలివ్, ఆ తర్వాత తవుడు నూనె, ఇప్పుడు గానుగ. గానుగ నూనె సువాసన నాకూ ఇష్టమే. కానీ ఏ నూనె అయినా గ్రాముకి తొమ్మిది క్యాలరీలే, గానుగలో ఆడినంత మాత్రాన ఎనిమిది కాదు. ప్యాకెట్ మీద "కొలెస్ట్రాల్ లేదు" అని రాసి ఉంటే అది గొప్ప అని మీరు చూపిస్తారు. కొలెస్ట్రాల్ జంతువుల నుంచి వచ్చేవాటిలో ఉంటుంది, వేరుశెనగ నూనెలో ఎప్పుడూ లేదు. మా అత్తయ్యకి మీసాలు లేవని రేషన్ కార్డు మీద అచ్చేయించుకున్నట్టుంది.

ఆ పోషకాహార సంస్థవాళ్లే 2024లో మనవాళ్ల కోసం ఆహార సూచనలు మళ్లీ సవరించి అచ్చువేశారు. రెండు వేల క్యాలరీల మనిషికి ఒక పళ్లెం బొమ్మ గీసి, అన్నీ పచ్చివాటి తూకంలో ఇచ్చారు. తృణధాన్యాలు 250 గ్రాములు, పప్పో గుడ్డో మాంసమో 85, కూరగాయలు ఆకుకూరలు 400, పండ్లు 100, పాలో పెరుగో 300 మిల్లీలీటర్లు, గింజలు 35, నూనే నెయ్యీ కలిపి 27. చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది, తపాలా రేట్ల పట్టికలా ఉంది. ఆ కాగితం పట్టుకుని మా ఇంట్లో లెక్క తీశాను. ఇరవై ఏడు గ్రాములంటే మనిషికి నెలకి లీటరు లోపు. మేమిద్దరం. మా ఇంటికి నెలకి వచ్చే ప్యాకెట్లు మూడు. ఆవకాయ మీద తేలేది వేరు, ఆదివారం నాడు అప్పడాలు వేయించిన బూరెల మూకుడులో మిగిలేది వేరు. ఇక కూరగాయలు తూచబోతే, నాలుగు వందల గ్రాముల చోట ఇద్దరికీ కలిపి పావుకిలో బెండకాయలు. మా ఆయన ఆ పూట నాతో మాట్లాడలేదు. ఇప్పుడు నెలకి రెండు ప్యాకెట్లతో సరిపెడుతున్నాను, నెలాఖరులో ఒకటి రెండుసార్లు ఎదురింట్లో చేబదులు తెచ్చుకుంటున్నాను. అదీ లెక్కలోకే వస్తుంది, తెలుసు.

ఇక్కడిదాకా రాసినవన్నీ మనలో మనకి చెల్లే సంగతులు. మీరు చెప్పారు, మేం విన్నాం, మాకు పెన్షనుంది, పరీక్షలు చేయించుకుంటాం, పొరపాటు తెలుస్తుంది, దిద్దుకుంటాం. నేను కలం పట్టింది దీనికోసం కాదు.

మన రోడ్డు ఊడ్చే అమ్మాయి ఉంది కదా, ఆకుపచ్చ జాకెట్టు వేసుకుని. ఆరో నెల. కిందటి సోమవారం చీపురు పక్కన పెట్టి కాలువ గట్టున కూలబడి ఉంటే నీళ్లిచ్చాను. కింది రెప్ప లాగి చూస్తే గులాబీ రంగన్నదే లేదు, సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. అంగన్‌వాడీకి పోతున్నావా అని అడిగాను. పోతోంది. తెలంగాణలో ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకి అక్కడ ఒకపూట నిండు భోజనం, రెండు వందల మిల్లీలీటర్ల పాలు, రోజుకొక గుడ్డు ఇస్తారు. గుడ్డు తింటున్నావా అంటే తలొంచుకుంది.

"తింటలేనమ్మా. పెద్దోనికి పెడుతున్న. ఆ చెట్టు కింద సారు చెప్పిండు, కడుపుతోని ఉన్నోళ్లు గుడ్డు తింటే వేడి జేస్తదట, బిడ్డకు మంచిది కాదట. బాదం నానబెట్టుకుని తినుమన్నడు."

బాదం ధర మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆమె జీతం ఎంతో నాకు తెలుసు, మీరు అడిగి ఉండరు. ఒక గుడ్డులో ఆరేడు గ్రాముల మంచి మాంసకృత్తులుంటాయి. మీరు కొలెస్ట్రాల్ అని తీసి పారేయమనే పచ్చసొనలోనే విటమిన్ ఎ, డి, బి12 ఎక్కువ. గర్భిణికి మామూలు తిండి మీద రోజుకి అదనంగా కావాల్సింది 350 క్యాలరీలు. "ఇద్దరి తిండి తినాలి" అనే అత్తలూ పొరపాటే, కడుపు మాడ్చే మీరూ పొరపాటే. ఆ అదనంలో నాలుగో ఐదో వంతు, పైగా నాణ్యమైన వంతు, ప్రభుత్వం ఉడకబెట్టి చేతిలో పెడుతుంటే మీరు ఒక్క మాటతో తీసేశారు. గుడ్డుతో ఆగలేదట కూడా. బొప్పాయి వద్దన్నారు, నువ్వులు వద్దన్నారు, గోంగూర వద్దన్నారు. పచ్చి బొప్పాయి పాల విషయంలో జాగ్రత్త సరే, బాగా పండిన పండు ముక్క ఏం చేస్తుంది? గోంగూర కూడా ఆకుకూరే కదా. ఆకుల్లో ఉండే ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేయించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు భీమవరంలో పుట్టినవారు. స్ప్రూ అనే పేగుల జబ్బుతో వారం దాటీ దాటకుండా ఇద్దరు అన్నదమ్ములని పోగొట్టుకున్న మనిషి. ఇవాళ ప్రతి గర్భిణికీ ఆ మాత్ర ఇస్తున్నారు. మాత్ర వేసుకుందో లేదో మీరు ఆమెని అడిగారా? నేను అడిగాను. వేడి చేస్తుందని అదీ మానేసిందట. అది మీరు చెప్పింది కాదులెండి, గుడ్డు వేడి అయితే మాత్ర ఇంకెంత వేడో అని తనే అనుకుంది.

మీరు చెడ్డవారని నేననుకోను. కిందటేడు ఆమె పెద్దబ్బాయికి స్కూలు బ్యాగు కొనిపెట్టింది మీరేనని తనే చెప్పింది. బహుశా అందుకే మీ మాట అంత బలంగా నాటుకుంది. నేను అరగంట కూచుని గుడ్డు గురించి చెప్పాను, అంగన్‌వాడీ టీచరు కూడా చెప్పిందట. ఊఁ అంది, తల ఊపింది. మర్నాడు అడిగితే మళ్లీ పెద్దోనికే పెట్టానంది. నా మీద నమ్మకం లేక కాదు. "సారు పెద్ద చదువు చదువుకున్నడు కదమ్మా" అంది.

కాబట్టి అన్నయ్యగారూ, జావ, చపాతీ, గానుగ, అవన్నీ మీ ఇష్టం. చపాతీల లెక్క ఇంకోరోజు దిమ్మ మీద కూచునే పోట్లాడుకుందాం, త్రాసు నేను తెస్తాను. ఈ ఒక్కటి మాత్రం మీవల్లే అవుతుంది. రేపు ఆరింటికల్లా ఆమె ఆర్ట్స్ కాలేజీ మలుపు దగ్గర ఊడుస్తూ ఉంటుంది. జనం చేరకముందే వెళ్లండి. గుడ్డు తినమ్మా, మాత్ర వేసుకోమ్మా, నేను పొరపాటు చెప్పాను అని చెప్పండి. ఎంత అని అడిగితే, రోజుకొకటి, పచ్చసొనతో సహా.

ఇట్లు,
మీ వెనక నాలుగడుగుల దూరంలో నడిచే
చెల్లెలు